రేపటిచూపు పెట్టె

పెట్టెలో మొహం పెట్టమంటే వీరవేణి పెట్టలేదు. ముందు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. వెనకాల ఏముందో వంగి చూసింది, తీగ ఎక్కడికి పోతోందో చూసింది, మూత మీద వేలితో కొట్టి చప్పుడు విన్నది. వరసలో వెనక నిలబడ్డ నేతగాళ్ళు విసుక్కుంటున్నారు. ఆవిడకేం పట్టింది? యాభై ఒక్క ఏళ్ళ మనిషి. అందులో ముప్ఫై మూడేళ్ళు ఉప్పాడలో జాంధానీ చీరలు నేసిన మనిషి. అటూ ఇటూ తిరగేసి చూడనిదే ఏ సరుకునూ ఒప్పుకునే అలవాటు లేదు.

"తొరగా కానియ్యమ్మా వీరవేణీ, ఇంకా పదిమందున్నారు," అన్నాడు చేనేత సంఘం ప్రెసిడెంటు కామేశం.

"కళ్ళు నావి కామేశంగారూ. కంగారు మీకెందుకండీ?"

అప్పటికే ఆవిడ కళ్ళలో చుక్కలు వేసి అరగంట కూచోబెట్టారు. కనుపాపలు విచ్చుకుని వెలుతురు గుచ్చుకుంటోంది. గడ్డం ఆనించి కెమెరాలోకి చూడమన్నారు. తెల్లటి మెరుపు కుడికంట్లో ఒకటి, ఎడమకంట్లో ఒకటి మెరిసింది. పక్కనున్న తెర మీద నారింజపండు రంగులో గుండ్రటి బొమ్మ వచ్చింది, దాని నిండా ఎర్రటి నరాలు. అది ఆవిడ కంటి లోపలి పొరట. నరాల చివర్లలో ఎర్రటి చుక్కలు, అక్కడక్కడ పసుప్పచ్చటి మరకలు. పద్నాలుగేళ్ళ షుగరు జబ్బు లోపల చేసిన నిర్వాకం అది.

ఇంతవరకూ ఏ కంటి ఆసుపత్రిలోనైనా జరిగేదే. కొత్తదల్లా ఆ పెట్టె. కాకినాడ కంటి పరిశోధనశాల వాళ్ళు కనిపెట్టారు. పేరు రేపటిచూపు. అది ఫొటోని తీసుకుని రోజుల్ని ముందుకు నడిపిస్తుంది. ఏ చుక్క ఎప్పుడు మరకవుతుందో, ఏ మరక ఎప్పుడు చూపుని మింగుతుందో లెక్కకట్టి, ఆ రోజున లోకం నీకెలా కనిపిస్తుందో ఇవాళే కళ్ళకు కట్టేస్తుంది.

"చెయ్యి ముందుకు చాపి చూసుకోండమ్మా," అంది పెట్టె పక్కనున్న అమ్మాయి.

వీరవేణి పెట్టెకున్న రెండు కన్నాల్లోకి చూస్తూ చెయ్యి చాపింది. చెయ్యి కనిపించలేదు. నడుమ నల్లటి మడుగు లాంటిది ఏదో కదలకుండా ఉంది. దాని అంచున చిటికెనవేలు, కాస్త గాజు మెరుపు. వేళ్ళు ఆడించింది. మడుగు అలాగే ఉంది. కింద ఎర్రటి అక్షరాలు: పద్నాలుగు నెలలు.

 భయపడ్డ సంగతి కామేశానికి తెలియనివ్వడం ఆవిడకు చచ్చినా ఇష్టం లేదు.

"అబద్ధం," అంది మొహం పైకెత్తి.

"మిషను అబద్ధమాడుద్దేటమ్మా?" కామేశం కాగితం మీద రాసుకున్నాడు. "మగ్గం మీదున్న చీర దించెయ్యి. దాని తరవాత నీకు పట్టు ఇవ్వలేను. రెండేళ్ళ లోపు గడువు పడ్డోళ్ళకి జాంధానీ లేదని సంఘం తీర్మానం. మామూలు చీరలు నేసుకో."

కామేశం చెడ్డవాడు కాడు. జాంధానీ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూచుని ఒకే చీర నేస్తారు. ఒక్కో చీరకి నెలలు పడతాయి. నడుమ ఒక చెయ్యి మారితే పువ్వు మారిపోతుంది, చూసే కన్నున్నవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. సగంలో ఆగిపోయే చెయ్యి ఆయనకు అక్కర్లేదు.

"మామూలువి మీరు నేసుకోండి. నేను దిగను," అనేసి వీరవేణి చెప్పులు వేసుకుంది.

* * *

ఆవిడ పక్కన కూచుని నేసే చెయ్యి తోటికోడలు లోవలక్ష్మిది. పదహారేళ్ళుగా ఇద్దరికీ ఒకే మగ్గం. గుంతలో కాళ్ళు వేలాడేసుకుని పొద్దున్న కూచుంటే, పడుగు దారాల కిందున్న డిజైను కాగితం చూసుకుంటూ, ఒక్కో పువ్వుకీ ఒక్కో చిన్న కండెతో పోగు దూర్చి ముడేసుకుంటూ పోవాలి. మాటలేం అక్కర్లేదు. అక్క మోచెయ్యి ఎటు కదిలితే చెల్లెలికి అర్థమైపోతుంది.

"నువ్వు లేకపోతే నేనూ కూచోనక్కా," అంది లోవలక్ష్మి, సంగతి విన్నాక.

"నోర్ముయ్. నేనెక్కడికి పోయాను?"

బెదిరే రకం కాదు గానీ, ఆ మధ్యాహ్నం వీరవేణికి పువ్వు రెండుసార్లు తప్పింది. ప్రతి పువ్వు నడుమా ఆ నల్లటి మడుగే కనిపించింది. కళ్ళు చేసిన తప్పు కాదది, భయం చేసింది. తనకే ఇలా ఉంటే మరిది సత్తిబాబుకి ఎలా ఉండి ఉంటుందో మొదటిసారి తట్టింది ఆవిడకి.

సత్తిబాబు లోవలక్ష్మి మొగుడు. చెయ్యి తిరిగిన నేతగాడు. పోయిన కార్తీకంలో పెట్టె ఊళ్ళోకి రాగానే ఉత్సాహంగా వెళ్ళి చూశాడు. ఎనిమిది నెలలని పడింది. అంతే. ఇంటికొచ్చి తన మగ్గం మీద పాతచీర కప్పేశాడు. నల్లద్దాలు తెచ్చుకున్నాడు. కర్ర కొనుక్కుని, కళ్ళు మూసుకుని కుళాయి దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవడం నేర్చుకున్నాడు. షుగరు మాత్రలు మానేశాడు. పోయే కంటికి మందెందుకన్నాడు. లోవలక్ష్మి బతిమాలింది, ఏడ్చింది, తిట్టింది. గోడకి చెప్పుకున్నట్టే అయింది.

ఆ పెట్టె చేసినవాళ్ళు భయపెడితే మందులు వేసుకుంటారనుకున్నారు పాపం. మనిషికి భయం ఎక్కువైతే మందులు మింగుతాడా, చేతులెత్తేస్తాడా అన్నది వాళ్ళు ఆలోచించలేదు.

నాలుగు రోజుల తరవాత, వరలక్ష్మీవ్రతం దగ్గరపడుతున్నప్పుడు, అందరూ మధ్యాహ్నం భోజనానికి కూచున్నారు. కవళ్ళ చేపల పులుసు. సముద్రం పక్కనున్న ఊరికి అదేం విశేషం కాదు గానీ కవళ్ళలో వెంట్రుకల్లాంటి ముళ్ళుంటాయి. సత్తిబాబు నల్లద్దాలతోనే తింటున్నాడు. ఒక్కో ముల్లూ రెండు వేళ్ళతో లాగి కంచం అంచున వరసగా పెడుతున్నాడు. తడుముకోవడం లేదు. ఒక్కటీ తప్పిపోవడం లేదు.

వీరవేణి ముద్ద నోట్లో పెట్టుకోకుండా కాసేపు ఆ వరసని చూసింది.

"ఏమయ్యా సత్తిబాబూ, పెట్టెలో నీ గడువు ఎప్పటికన్నారు?"

"ఆషాఢ పున్నానికి వదినా."

"ఆషాఢ పున్నం పోయి ఎన్నాళ్ళయింది?"

సత్తిబాబు చెయ్యి ఆగిపోయింది. లోవలక్ష్మి గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"మూడు వారాలు దాటింది," అన్నాడు నీళ్ళు నములుతూ.

"కనపడతందా?"

ఆయన అద్దాలు తీసి పక్కన పెట్టాడు. తప్పు చేసి దొరికిపోయినవాడిలా తల దించుకున్నాడు. "కనపడతానే ఉంది వదినా."

"ఓరి నీ దుంప తెగ! మరి చెప్పవేం?"

"ఇవాళ పోద్దేమో, రేపు పోద్దేమో అని చూత్తన్నాను. అంత పెద్ద మిషను చెప్పింది గదా, పోకుండా ఎలాగుంటదనుకున్నాను."

లోవలక్ష్మి గరిటె గిన్నెలో పడేసి మొగుణ్ణి వీపు మీద రెండు బాదింది. బాదుతూనే భోరున ఏడ్చేసింది. వీరవేణికి నవ్వొచ్చింది, ఒళ్ళు మండింది కూడా.

"ఆసుపత్రికెళ్ళి కనపడతందని చెప్పొద్దా?"

"కనపడతా ఉంటే ఆసుపత్రికెవరెళ్తారు వదినా?"

ఆ మాట వీరవేణి చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. చెయ్యి కడుక్కుంటున్నా వదల్లేదు. మగ్గం ఎక్కినా వదల్లేదు. మర్నాడు పొద్దున్న మగ్గం ఎక్కకుండా ఊరి మీద పడింది.

మూడు రోజులు తిరిగింది. పెట్టె గడువు పెట్టిన వాళ్ళు ఊళ్ళో నలభై ముగ్గురు. అందులో గడువు దాటిపోయినవాళ్ళు పదకొండు మంది. వాళ్ళలో ఇద్దరికి నిజంగానే చూపు పోయింది. సత్తిబాబుతో కలిపి మిగతా తొమ్మండుగురూ రేపు పోతుందేమోనని చూసుకుంటూ కూచున్నవాళ్ళే. ఒకాయన సిగ్గుపడి రెండు నెలలుగా గుడ్డివాడిలా నటిస్తున్నాడు కూడా! చూపు పోయిన ఇద్దరూ కాకినాడ వెళ్ళి చూపించుకున్నారు. చూపున్న తొమ్మండుగురిలో ఒక్కరూ వెళ్ళలేదు.

* * *

సముద్రం కోసేసిన బీచిరోడ్డు మీద బస్సు ఎగిరెగిరి పడుతూ కాకినాడ చేరింది. తొమ్మండుగురినీ వెంటేసుకుని వీరవేణి పరిశోధనశాల మెట్లెక్కింది. సత్తిబాబు కుంటుతూ వెనక వచ్చాడు.

పెట్టెను కనిపెట్టిన డాక్టరు పేరు హేమనళిని. ముప్ఫై ఆరేళ్ళుంటాయి. మర్యాదగానే కుర్చీలు వేయించింది. విషయం విని, "ఒకటీ అరా తేడాలు వస్తాయమ్మా. ఏ యంత్రమూ నూటికి నూరు చెప్పదు," అంది.

"పదకొండులో తొమ్మిది తప్పండి. ఇది ఒకటీ అరానా?"

డాక్టరు కుర్చీల్లో ఉన్నవాళ్ళని ఒకసారి లెక్కపెట్టింది.

"నాకు చదువు లేదు డాక్టరమ్మా. ఒక్క ముక్క చెప్పండి. రేపేం జరుగుద్దో మీ పెట్టెకి ఎవరు నేర్పారు?"

"పాత ఫొటోలు. మా దగ్గర తొమ్మిదివేల మందివి ఉన్నాయి. ఒకే మనిషి కన్ను మొదటిసారి తీసింది, కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చినప్పుడు తీసింది. అప్పుడు ఇలా ఉన్న కన్ను తరవాత ఇలా అయింది అని మళ్ళీ మళ్ళీ చూపిస్తే అది నేర్చుకుంది."

"మళ్ళీ వచ్చినోళ్ళవే గదా?"

"అవును."

"మళ్ళీ రానోళ్ళు ఎంతమందండీ?"

హేమనళిని కంప్యూటర్లో వెతికింది. "ముప్ఫై ఒక్క వేలు. వాళ్ళవి వాడలేదు. రెండో ఫొటో లేకపోతే నేర్పడానికి పనికిరావు."

వీరవేణి కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మా సంఘం ఆఫీసులో ఒక బీరువా ఉందండి. షాపులోళ్ళు తిప్పి పంపిన చీరలు అందులో పెడతారు. పోగు తప్పినవి, రంగు దిగినవి, మరక పడ్డవి. బాగున్న చీర తిరిగి రాదు గదా, ఎవరో ఆడకూతురు కట్టుకుని పెళ్ళికెళ్తది. ఇప్పుడు ఎవరో పెద్దమనిషి వచ్చి ఆ బీరువా ఒక్కటే చూసి, ఉప్పాడోళ్ళకి నేత రాదని రాసుకుపోయాడనుకోండి. ఊరుకుంటామా? తన్నమూ?"

 హేమనళిని మొహం పాలిపోయింది. ఆవిడ తెలివితక్కువది కాదు. తెలివైనవాళ్ళకి తప్పు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టదు, ఒప్పుకోవడానికే పడుతుంది. ఆవిడ లేచి వెళ్ళి సత్తిబాబుని స్వయంగా కెమెరా ముందు కూచోబెట్టింది. చుక్కలు వేసింది, ఫొటో తీసింది, కార్తీకంలో తీసిన ఫొటో పక్కన పెట్టి చూసింది. రెండూ ఇంచుమించు ఒక్కలాగే ఉన్నాయి. మిగతా ఎనిమిదిమందినీ చూసింది. సాయంత్రం అయిపోయింది.

"మీరన్నది నిజమే," అంది చివరికి. "కళ్ళు పాడైనవాళ్ళే తిరిగొచ్చారు. వాళ్ళని చూపించి, లోకమంతా ఇంతే అని నేర్పాను."

అప్పుడే ఆవిడ చూపు సత్తిబాబు కాలి మీద పడింది. చెప్పు విప్పమంది. బొటనవేలూ పక్కవేలూ నల్లబడి ఉన్నాయి. ఆయన ఇంట్లో ఎవరికీ చూపించలేదు. ఎనిమిది నెలలు మాత్రలు మానేసినందుకు షుగరు కన్నుని వదిలేసి కాలిని పట్టుకుంది.

"ఎందుకు మానేశారండీ?" హేమనళిని అడిగింది.

"పోతాయని చూపించారు గదండీ," అన్నాడు సత్తిబాబు.

ఆవిడ ఆ కాలి పక్కన నేల మీదే కూచుంది. "మా అమ్మకి ఎంత చెప్పినా వినేది కాదు. మాత్రలు తలగడ కింద దాచేది. చివరికి నా మొహం కూడా కనిపించకుండానే పోయింది. చెప్తే వినలేదు, ఒక్కసారి చూపించగలిగితే వినేదేమోనని..." అంటూ ఏడ్చేసింది.

వీరవేణికి జాలేసింది. జాలేసినా మాట తగ్గించలేదు.

"మీ అమ్మగారి మీద బెంగతో మా ఊరందర్నీ గుడ్డోళ్ళని చేశారు. మా ఊళ్ళో ఇరవైమంది మందులు మానేశారు డాక్టరమ్మా. ఏడుపు తరవాత ఏడుద్దురు గానీ, ముందు ఈ కాలు చూడండి. ఆనక మీ పెట్టెకి బాగున్నోళ్ళని చూపించండి."

* * *

సత్తిబాబుకి రెండు కాలివేళ్ళు తీసేశారు. హేమనళిని పెట్టెలన్నీ ఆపించింది. వేరే జిల్లాలకు వెళ్ళాల్సినవి కూడా ఆపించి, పైవాళ్ళ చేత నానా మాటలూ పడింది. ఆ పైన కెమెరాని వ్యానులో ఎక్కించుకుని ఊళ్ళు తిరగడం మొదలుపెట్టింది. మళ్ళీ రాని ముప్ఫై ఒక్క వేలమందిలో దొరికినంతమందిని పట్టుకోవాలి.

వారానికి రెండు రోజులు వీరవేణి వ్యానులో వెళ్ళేది. పిలిస్తే ఎవరూ వచ్చేవారు కాదు మరి. తెల్లకోటు చూడగానే తలుపులేసుకునేవాళ్ళు. ఈవిడ వీధి మధ్యలో నిలబడి, "కళ్ళు బాగున్నోళ్ళు రండి! జబ్బున్నోళ్ళు కాదు, బాగున్నోళ్ళే కావాలి!" అని కేకేసేది. ఆసుపత్రివాళ్ళు బాగున్నవాళ్ళని వెతుక్కుంటూ రావడమేమిటని జనం వింతగా బయటికొచ్చేవారు. నారు పోసేవాళ్ళు, చేపలమ్మేవాళ్ళు, టీకొట్టువాళ్ళు, మనవల్ని చంకనేసుకున్న ముసలమ్మలు. ఇన్నేళ్ళూ ఏమయ్యారంటే, "పనుల్లో ఉన్నామండి," అనేవారు.

మిగతా రోజులు మగ్గం. ఉన్న చీర బరువైన పని, పమిటంతా నెమళ్ళు. మధ్యలో కుడికంటికి మూడుసార్లు లేజరు పెట్టించుకుంది. పచ్చటి వెలుగు సూదుల్లా పొడుస్తుంటే గట్టిగా కుర్చీ పట్టుకుని కూచునేది. ఎడమకంటికీ పెట్టారు. మాత్రలు ఒక్కపూట తప్పించలేదు. సత్తిబాబు మాత్రల మీద లోవలక్ష్మి కాపలా సరేసరి. ఆయన కట్టుకాలితోనే మగ్గం మీది పాతచీర తీసి పడేశాడు.

కామేశం మాత్రం తీర్మానం ఎత్తెయ్యలేదు. "కొత్త మిషను ఏం చెప్తాదో చూద్దాం," అన్నాడు.

మార్గశిరంలో కొత్త పెట్టె సిద్ధమైంది. ఈసారి దానికి కన్నాలు లేవు. నల్లటి మడుగులు ఎవరికీ చూపించనని హేమనళిని ఒట్టేసుకుంది. డాక్టరు పక్కన కూచుని, చెయ్యి పట్టుకుని, ఏం చేస్తే ఏమవుతుందో నోటితో చెప్పాలి. అంతే.

చూపు పోయిన ఇద్దరూ పోను, మిగతా నలభై ఒక్కమందిలో ముప్ఫై నలుగురి గడువులు కొట్టుకుపోయాయి. మందులు వాడుతూ ఏడాదికోసారి చూపించుకుంటే చాలన్నారు. సత్తిబాబు గంతేయబోయి కాలు గుర్తొచ్చి ఆగాడు. వీరవేణి వంతు చివరికి వచ్చింది. హేమనళిని ఆవిడ చెయ్యి పట్టుకుని ఫొటో వైపు చూసింది.

"చెప్పండి డాక్టరమ్మా. నేనేం పసిపిల్లనా?"

"కుడికన్ను నిలబడుతుందమ్మా. నిలబెడతాను. ఎడమది..." హేమనళిని కళ్ళు నిండిపోయాయి. "లేజరు పెట్టినా నడిబొడ్డున నరాలు మూసుకుపోయాయి. పది నెలలు. పాత పెట్టె అంతమంది విషయంలో తప్పింది. మీ ఎడమకంటి విషయంలో తప్పలేదు."

అప్పుడు పద్నాలుగు. నాలుగు నెలలు గడిచాయి. పది. లెక్క సరిగ్గానే ఉంది.

వీరవేణి తల ఊపి లేచింది. బస్సులో కిటికీ పక్కన కూచుని కొంగు మొహం మీదికి లాక్కుని కొత్తపల్లి దాటేదాకా ఏడ్చింది. ఇంతమందికి కళ్ళు తిరిగిచ్చి తనకి మాత్రం ఈ అన్యాయమేమిటనుకుంది. లోవలక్ష్మి పక్కన కూచుని ఆవిడ చెయ్యి వదల్లేదు. ఉప్పాడలో బస్సు దిగేటప్పటికి వీరవేణి మొహం తుడిచేసుకుంది.

మర్నాడు పొద్దున్నే కామేశం వచ్చాడు. నెమళ్ళ చీర అప్పటికే మగ్గం దిగింది. కొత్త పడుగు ఎక్కించి ఉంది గానీ, పువ్వు వెయ్యడానికి పట్టు ఆయన ఇస్తేనే.

"గడువు మిగిలినోళ్ళు ఏడుగురేనంట. అందులో నువ్వొకదానివి," అన్నాడు ఇబ్బందిగా. "ఈసారి మిషను తప్పని కూడా అనలేవు గదమ్మా. దాన్ని బాగుచేయించింది నువ్వే."

"తప్పనట్లేదు. ఎడమకన్ను పోద్ది, కుడిది ఉంటది. జాంధానీకి ఎన్ని కళ్ళుండాలని రాశారండీ మీ తీర్మానంలో?"

కామేశం కాగితం తిప్పి చూశాడు. అందులో అలాంటిదేమీ లేదు.

"చెయ్యి మారితే పువ్వు మారుద్దని గదా ఆ రూలు పెట్టింది? చెయ్యి నాదే. మారట్లేదు. నాకే కాదు, ఆ ఏడుగురికీ పట్టు పంపండి. ఎవరికి చేత కాకపోతే ఆ రోజు వాళ్ళే వచ్చి చెప్తారు. మీ తీర్మానం చెప్పక్కర్లేదు."

కామేశం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మధ్యాహ్నానికల్లా ఏడిళ్ళకీ పట్టు వచ్చింది.

వీరవేణి మగ్గం దగ్గరికొచ్చి, ఎప్పట్లాగే ఎడమపక్క కూచున్న లోవలక్ష్మి భుజం తట్టింది.

"లే. కుడిపక్కకి జరుగు."

"అక్కడ నువ్వు కూచుంటావు గదక్కా?"

"ఎడమకన్ను పోయాక అక్కడ కూచుంటే నువ్వూ కనపడవు, నడుమ పువ్వూ కనపడదు. ఇటు కూచుంటే చీరంతా కుడికన్నుకే వస్తది. జరగవేం?"

లోవలక్ష్మి జరిగింది. వీరవేణి గుంతలోకి కాళ్ళు దించి, కండె తీసుకుని మొదటి పోగు దూర్చింది. తప్పింది. విప్పింది. మళ్ళీ దూర్చింది. మళ్ళీ తప్పింది. మోచేతులు రెండూ కొట్టుకున్నాయి.

"ముప్ఫై మూడేళ్ళు ఆ పక్క కూచున్న చెయ్యి అక్కా అది," అంది లోవలక్ష్మి, ఏడుపు ఆపుకుంటూ. "ఈ పక్క తిరగదు."

"తిరుగుద్దిలే," అంది వీరవేణి, తప్పిన పోగు మళ్ళీ విప్పుకుంటూ. "పది నెలలుంది."